మొదటి రైఫిల్ కొనే ముందు



"సార్, మావాడికి రైఫిల్ కొనిద్దామనుకుంటున్నా. తక్కువలో మంచిది ఏదో మీరే చెప్పాలి." ఈ మాట ఈమధ్య మన వైపు బాగానే వినపడుతోంది. ఇల్లెందులో బొగ్గుబావి కార్మికులు అడుగుతున్నారు. ఖమ్మం మార్కెట్టుకు మిర్చి తోలుకొచ్చిన రైతులు అడుగుతున్నారు. దుమ్ముగూడెం, చర్ల వైపు నుంచి వచ్చే కోయ తల్లిదండ్రులూ అడుగుతున్నారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మన దేశానికి వచ్చిన ఆరు పతకాల్లో మూడు షూటింగ్‌వే. 2012లో లండన్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ పెరిగింది హైదరాబాద్‌లో. వినికిడి లోపం ఉన్న ధనుష్ శ్రీకాంత్ అదే హైదరాబాద్‌లో, నారంగ్ పెట్టిన అకాడమీలో నేర్చుకుని, 2022 మే నెలలో బ్రెజిల్‌లో జరిగిన బధిరుల ఒలింపిక్స్‌లో స్వర్ణం తెచ్చాడు. ఇవన్నీ చూసిన పిల్లలు మేమూ పట్టుకుంటాం అంటున్నారు. అనాలి కూడా. ఏజెన్సీ పిల్లల నిలకడ, చూపు, ఓపిక దగ్గరుండి చూసినవాణ్ణి కాబట్టి ఈ ఆటలో వాళ్లకు చోటుందని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే అడవి అంచున ఉన్న ఊళ్లలో రైఫిల్ అన్నప్పుడు ముందుగా ఒక సంగతి తేల్చుకోవాలి. చవగ్గా దొరికేది అంటే మనవైపు చాలామందికి నాటు తుపాకే గుర్తుకొస్తుంది. ఆ ఆలోచన మొదట్లోనే తుంచేయండి. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో దొరికితే, ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం, శిక్ష తక్కువలో తక్కువ రెండేళ్లు, అయిదేళ్ల దాకా పడవచ్చు. తయారు చేసినవాడికైతే ఏడేళ్ల నుంచి యావజ్జీవం వరకు ఉంది. పంట కాపలా కోసం మందు కూరే తుపాకికి లైసెన్సు ఇచ్చే వీలు 1959 నాటి ఆయుధాల చట్టంలోనే, పదమూడో సెక్షన్‌లో ఉంది. కానీ అది అధికారుల దగ్గర అర్జీతో, విచారణతో నడిచే వ్యవహారం. పైగా చేతిలో లైసెన్సు ఉన్నంత మాత్రాన జంతువును కొట్టే హక్కు రాదు. అడవి పందులు చేనంతా తవ్వేస్తున్న రైతు బాధ నాకు తెలుసు. దానికి అధికారిక అనుమతి కావాలి, అటవీశాఖ గుర్తించిన షూటర్లే రావాలి. ఆ పనికి ఇంటి పిల్లవాడి చేతికి తుపాకి ఇవ్వడం అన్యాయం.

ఇవాళ నేను మాట్లాడేది ఆట రైఫిల్ గురించి. గాలి ఒత్తిడితో చిన్న సీసపు పెల్లెట్‌ను పంపే ఎయిర్ రైఫిల్ గురించి. 2016 ఆయుధాల నియమాల ప్రకారం బారెల్ వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, అంటే పాయింట్ 177 అంగుళాలు దాటకుండా, పెల్లెట్ శక్తి 20 జౌళ్లు మించకుండా ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. ఈ రెంటిలో ఏది దాటినా కావాలి. దుకాణంలో పాయింట్ 22 ఎయిర్ రైఫిల్ చూపించి "ఇదీ ఎయిర్‌గన్నే కదా" అంటే నమ్మకండి. పెద్ద బారెల్‌ది వేరే లెక్క.

దుమ్ముగూడెం దగ్గరి నుంచి ఒక తండ్రి నా దగ్గరికి వచ్చాడు. పత్తి అమ్మిన డబ్బులో నలభై వేలు పక్కన పెట్టుకున్నాడు. కొడుకు ఇంటర్ మొదటి సంవత్సరం, కాలేజీలో ఎన్‌సీసీ. ఆ పిల్లవాడు తండ్రి వెనక నిలబడి నేల చూస్తున్నాడు.

"సార్, దుకాణమాయన పవర్ ఎక్కువుండేది తీసుకో అంటున్నాడు. ఇంకో అయిదు వేలు పెడితే ఇంకా పవరుదొస్తదంట."

"పిల్లవాడు దేన్ని కొట్టాలన్నా?"

"కాగితాన్నే సార్. పోటీలకే."

"కాగితానికి పవరెందుకన్నా?"

ఆయన కొడుకు వైపు చూశాడు. ఆ పిల్లవాడు అప్పుడు తలెత్తాడు. నేను అల్మారాలోంచి పది మీటర్ల టార్గెట్ కార్డు తీసి వాళ్ల ముందు పెట్టాను. నల్లటి గుండ్రం మొత్తం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు. దాని మధ్యలో పది పాయింట్ల చోటు ఒక తెల్ల చుక్క, వ్యాసం అర మిల్లీమీటరు. పెన్ను ములుకు పెట్టి తీసినంత. పది మీటర్ల దూరం నుంచి, నిలబడి, దేనికీ ఆనకుండా, డెబ్బై అయిదు నిమిషాల్లో అరవైసార్లు ఆ చుక్కను తాకాలి. ఒలింపిక్స్‌లో వాడే ఎయిర్ రైఫిళ్లు పెల్లెట్‌ను పంపే శక్తి ఏడున్నర జౌళ్ల చుట్టుపక్కలే. చట్టం లైసెన్సు లేకుండా ఒప్పుకునే హద్దులో సగం కూడా కాదు. ప్రపంచంలో అత్యంత ఖరీదైన ఎయిర్ రైఫిళ్లు కావాలనే తక్కువ శక్తితో తయారవుతాయి. ఎందుకంటే వాటి పని ప్రతిసారీ ఒకే వేగంతో, ఒకే దారిలో పెల్లెట్‌ను పంపడం. పవర్ పేరు చెప్పి అమ్మే రైఫిల్ ఎక్కువగా పిట్టల మీదికే పోతుంది. పిట్టను కొడితే అది 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పిల్లవాడి పేరు మొదటిసారి పోటీల జాబితాలో ఎక్కాల్సింది పోయి అటవీ కేసులో ఎక్కుతుంది.

ఆ తండ్రికి చెప్పిందే మీకూ చెప్తాను. మొదటి ఆరునెలలు రైఫిల్ కొనకండి. పిల్లవాడు ముందు ఎవరిదైనా రైఫిల్ మీద నేర్చుకోవాలి. ఎన్‌సీసీలో ఉన్నవాళ్లకు పాయింట్ 22 ఫైరింగ్ ఉచితంగా నేర్పుతారు. తమ యూనిట్‌లో ఫైరింగ్ ఎప్పుడో కనుక్కుని ఒక్కటీ వదలకుండా వెళ్లాలి. హైదరాబాద్‌లో చుట్టాలుంటే వేసవి సెలవుల్లో అక్కడ ఉంచి ఏదైనా క్లబ్బులో చేర్పించండి. క్లబ్బు రైఫిళ్లు ఉంటాయి, వాటి మీద నేర్చుకోవచ్చు. ఈ ఆరునెలల్లో మూడు విషయాలు తెలుస్తాయి. పిల్లవాడికి నిజంగా ఇష్టం ఉందా, లేక టీవీ చూసిన ముచ్చటేనా అన్నది ఒకటి. కుడిచేతి వాటమా, ఎడమచేతి వాటమా అన్నది రెండోది. ఒంటికి ఎంత పొడవు, ఎంత బరువు రైఫిల్ సరిపోతుందన్నది మూడోది. ఈ మూడూ తెలియకుండా కొన్న రైఫిళ్లు మంచాల కింద దుమ్ము పట్టి ఉండటం నేను ఎన్నో ఇళ్లలో చూశాను. ఒక్కొక్కటీ ఒక పంట డబ్బు.

చేతివాటం కన్నా ముఖ్యమైనది కంటివాటం. ఇంట్లోనే చూడొచ్చు. రెండు చేతులూ ముందుకు చాచి, బొటనవేళ్లు, చూపుడువేళ్లు కలిపి చిన్న సందు చేయండి. రెండు కళ్లూ తెరిచి ఆ సందులోంచి దూరంగా ఉన్న తలుపు గొళ్లాన్ని చూడండి. ఇప్పుడు ఎడమ కన్ను మూయండి. గొళ్లెం ఇంకా సందులోనే కనపడితే మీది కుడి కంటివాటం. మాయమైతే ఎడమది. కుడిచేయి, ఎడమ కన్ను వాటంగా ఉన్న పిల్లలు చాలామందే ఉంటారు. అలాంటి పిల్లవాడికి కుడిచేతి స్టాక్ ఉన్న రైఫిల్ కొనిస్తే ఏడాదంతా మెడ వంచి, దవడ నొక్కి అవస్థ పడతాడు. చివరికి "నాకు రాదు" అని మానేస్తాడు. తప్పు వాడిది కాదు.

మరి ఆ ఆరునెలల్లో డబ్బు దేనికి పెట్టాలంటే జాకెట్‌కి, గ్లవ్‌కి పెట్టండి. అందరూ ముందు రైఫిల్ అంటారు, నేను ముందు జాకెట్ అంటాను. రైఫిల్ నలుగురు పంచుకోవచ్చు. జాకెట్ మాత్రం ఒంటికి కొలిచి కుట్టాల్సిందే. మందపాటి కాన్వాస్‌తో గట్టిగా ఉండే ఆ జాకెట్ నడుమును పట్టి ఉంచుతుంది, నాలుగైదు కిలోల బరువు ఎత్తి నిలబడ్డప్పుడు వెన్ను వణక్కుండా చూస్తుంది. మన దేశంలోనే కుట్టేవాళ్లున్నారు, విదేశీ వాటి ధరతో పోలిస్తే చాలా చవక. ఎదిగే పిల్లవాడికైతే కాస్త వదులు ఉంచి కుట్టించండి.

ఇక రైఫిల్ సంగతి. నలభై వేల లోపల మీ ముందు ఉండేవి ప్రధానంగా రెండు రకాలు. బారెల్ వంచి స్ప్రింగ్ బిగించే రకం ఒకటి, సిలిండర్‌లో గాలి నింపి ఉంచే పీసీపీ రకం ఒకటి. స్ప్రింగ్ రైఫిళ్లు మన దేశంలో తయారైనవి అయిదు వేల నుంచి పదిహేను వేల దాకా దొరుకుతాయి. ఒలింపిక్ స్థాయి జర్మన్ పీసీపీలు, వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్ లాంటివి, రెండు లక్షలు దాటుతాయి. మధ్యలో ప్రెసిహోల్ లాంటి మన దేశపు సంస్థలు తక్కువ ధరకు పీసీపీలు చేస్తున్నాయి. కొత్త షూటర్లకు అది పెద్ద మేలు.

స్ప్రింగ్ రైఫిల్ లోపల ఏం జరుగుతుందో తెలిస్తే దాని కష్టం అర్థమవుతుంది. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకు దూకుతుంది. దానికి ఎదురుగా రైఫిల్ వెనక్కి తంతుంది. పిస్టన్ చివరకు వెళ్లి ఆగగానే రైఫిల్ ముందుకు కుదుపుతుంది. ఈ రెండు కుదుపులూ అయ్యేదాకా పెల్లెట్ ఇంకా బారెల్‌లోనే ఉంటుంది. అందుకే స్ప్రింగ్ రైఫిల్‌ను గట్టిగా బిగబట్టినవాడి గుళ్లు చెల్లాచెదురవుతాయి, ఒకే తీరుగా వదులుగా పట్టినవాడి గుళ్లు ఒకచోట పడతాయి. నేర్చుకునేవాడికి ఇది కష్టమే. కానీ దీని మీద చేయి కుదిరినవాడు పీసీపీ పట్టినప్పుడు ఆ పట్టు ఊరికే పోదు. పైగా స్ప్రింగ్ రైఫిల్‌కు గాలి నింపే గొడవ లేదు. చర్లలో ఉన్నా, గుండాలలో ఉన్నా పని చేస్తుంది.

పీసీపీ అలా కాదు. దాంట్లో తన్ను దాదాపు ఉండదు, గురి తేలిగ్గా కుదురుతుంది. కానీ సిలిండర్‌లో రెండు వందల బార్ల దాకా గాలి నింపాలి. సైకిల్ పంపుతో అయ్యే పని కాదు. ప్రత్యేకమైన చేతిపంపు కావాలి, దాని ధర వేరే. వానాకాలం మన అడవి తేమ ఆ పంపులోంచి సిలిండర్‌లోకి పోతే లోపల తుప్పు పడుతుంది. కాబట్టి పీసీపీ కొనేవాళ్లు రైఫిల్ ధర ఒక్కటే అడిగి రావద్దు. పంపు ఎంత, సీళ్లు ఎక్కడ మారుస్తారు, గాలి కారితే ఎవరు చూస్తారు, ఇవన్నీ అడగండి. హైదరాబాద్ వెళ్లి రావడానికే రెండు రోజుల కూలి పోతుంది మనకి.

నా మాట అడిగితే, చేతిలో నలభై వేలుండి, దగ్గర్లో గాలి నింపే వసతి లేని కుటుంబం స్ప్రింగ్ రైఫిల్‌తో మొదలుపెట్టడమే మేలు. రాష్ట్ర స్థాయి పోటీల్లో ఓపెన్ సైట్ ఎయిర్ రైఫిల్ అని విడిగా ఒక విభాగం ఉంది. ముందూ వెనకా మామూలు సైట్లతో, ఖరీదైన పీప్ సైట్ లేకుండా ఆడొచ్చు. మొదటి మెట్టుకు అది చాలు.

దుకాణంలో రైఫిల్ చేతికి తీసుకున్నాక తొందరపడకండి. బట్ చివరను మోచేతి మడతలో ఆనించి పట్టుకుంటే చూపుడువేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కు అందాలి. అందకపోతే పిల్లవాడికి అది పొడవెక్కువ. బారెల్ వంచి మూశాక చేత్తో పట్టి అటూ ఇటూ కదిలించండి. గింజంత కదిలినా వద్దు, ఎందుకంటే మూసిన ప్రతిసారీ బారెల్ ఒక్కోచోట నిలుస్తుంది, గురి ఒక్కోచోటికి పోతుంది. తర్వాత బల్ల మీద మెత్తటి సంచి పెట్టి, దాని మీద చేయి ఆనించి, పది మీటర్ల దూరంలో అయిదు గుళ్లు కొట్టించండి. నడిమధ్యలో పడ్డాయా లేదా అన్నది చూడకండి, సైట్ తిప్పితే అది సరిపోతుంది. అయిదూ రూపాయి బిళ్ల కింద దాక్కునేంత దగ్గరగా పడ్డాయా అన్నదే చూడండి. దుకాణదారు కొట్టి చూడనివ్వనంటే ఇంకో దుకాణం చూసుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో మంచి బేరాలు దొరుకుతాయి, ముఖ్యంగా పిల్లలు ఉద్యోగాల్లో, చదువుల్లో పడి ఆట మానేసిన ఇళ్లలో. స్ప్రింగ్ రైఫిల్ అయితే నూనె వాసన చూడండి. కొందరు ఎక్కువ చప్పుడు కోసం లోపల కొబ్బరినూనో డీజిలో పోస్తారు. ఆ నూనె పిస్టన్ ఒత్తిడికి అంటుకుని పేలుతుంది, సీలు మాడుతుంది, స్ప్రింగ్ దెబ్బతింటుంది. కొట్టగానే పొగ వచ్చిందంటే ఆ రైఫిల్ ఆరోగ్యం బాగాలేదని అర్థం. పీసీపీ అయితే సిలిండర్ మీద చెక్కిన తేదీ చదవండి. జర్మన్ సిలిండర్లకు సాధారణంగా పదేళ్ల గడువు. గడువు దాటిన సిలిండర్‌తో పోటీల్లో ఆడనివ్వరు. రైఫిల్ తక్కువలో వచ్చిందని సంబరపడి, తర్వాత కొత్త సిలిండర్ కోసం పరుగెత్తాల్సి వస్తుంది.

పెల్లెట్ల ఖర్చును అందరూ మర్చిపోతారు. ఒక పూట సాధనకు, సరిచూసుకునే గుళ్లతో కలిపి, ఎనభై దాకా అవుతాయి. వారానికి మూడు పూటలు అనుకోండి. డబ్బాకు అయిదు వందల లెక్కన ఏడాదికి ఇరవై అయిదు డబ్బాలు. మంచి డబ్బా ధర కనుక్కుని మీరే గుణించి చూడండి. చాలాసార్లు ఆ మొత్తం స్ప్రింగ్ రైఫిల్ ధరను దాటిపోతుంది. అందుకే ఉన్న డబ్బంతా రైఫిల్ మీద పెట్టొద్దు అంటున్నాను. పదివేల రైఫిల్, ఏడాదికి సరిపడా పెల్లెట్లు ఉన్న పిల్లవాడు, నలభై వేల రైఫిల్ పెట్టుకుని డబ్బా కోసం ఎదురుచూసే పిల్లవాడికన్నా ముందుంటాడు. ముందు భాగం చదునుగా ఉండే పెల్లెట్లే కొనండి. కాగితం మీద గుండ్రంగా, శుభ్రంగా రంధ్రం చేసేవి అవే. మొనదేలినవి కాగితాన్ని చింపుతాయి, స్కోరు చదవడానికి రాదు.

కొడుకు రైఫిల్ కోసం గగన్ నారంగ్ తల్లిదండ్రులు సొంత స్థలం అమ్ముకున్న సంగతి చాలామంది నాకు గుర్తు చేస్తుంటారు. ఆ త్యాగానికి నేను చేతులెత్తి దండం పెడతాను. కానీ అది చూసి మొదటి రైఫిల్‌కే అప్పు చేయకండి. వడ్డీ కట్టే ఇంట్లో పిల్లవాడికి ప్రతి గుండూ బరువే. లక్షల రైఫిల్ లోటు తెలిసే స్థాయికి వాడు చేరినప్పుడు ఆ ఆలోచన చేద్దాం. ఆ స్థాయికి వచ్చినవాడి గురించి మాట్లాడటానికి అప్పుడు క్లబ్బులూ, సంఘాలూ కూడా తోడుంటాయి.

ఇంట్లో సాధన చేసేవాళ్లకు ఒక జాగ్రత్త. స్ప్రింగ్ రైఫిల్‌ను పెల్లెట్ లేకుండా ఎప్పుడూ పేల్చకండి. ఎదురు ఒత్తిడి లేక పిస్టన్ నేరుగా వెళ్లి లోపలి గోడకు గుద్దుకుని దెబ్బతింటుంది. గుండు లేకుండా సాధన చేయాలంటే స్ప్రింగ్ బిగించకుండానే ఎత్తి, గోడ మీది చుక్క మీద గురి నిలిపి, ఊపిరి అదుపులో పెట్టుకుని దించండి. రోజూ అరగంట ఇలా చేస్తే ఖర్చు లేదు, ఫలితం మాత్రం చాలా ఉంది. గుళ్లు కొట్టేటప్పుడు గోనె సంచిలో పాతబట్టలు దట్టంగా కుక్కి, వెనక మందపాటి చెక్క నిలబెట్టి, దాని ముందు కార్డు పెట్టండి. రాతిగోడకు, ఇనుప రేకుకు గురి పెడితే సీసం తిరిగి వస్తుంది. 4.5 మిల్లీమీటర్ల గుండుతో ఒక కన్ను పోవడానికి క్షణం చాలు. కళ్లద్దాలు లేకుండా ఎవర్నీ కొట్టనివ్వకండి. సీసం పట్టుకున్న చేతులు సబ్బుతో కడిగాకే అన్నం దగ్గరికి రావాలి.

మనది తెలంగాణ, ఆంధ్ర, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులు దగ్గరగా కలిసే చోటు. కొద్ది దూరంలో ఒడిశా కూడా. రోడ్డు మీద చెక్‌పోస్టులు మామూలే. రైఫిల్‌ను ఎప్పుడూ పెట్టెలో, తాళం వేసి తీసుకెళ్లండి. బిల్లు, క్లబ్బు లేదా కాలేజీ గుర్తింపు కార్డు, పోటీకి వెళ్తుంటే ఆ కాగితం జేబులో ఉంచండి. బైకు మీద భుజానికి తగిలించుకుని వెళ్లడం అసలు వద్దు. చీకట్లో దూరం నుంచి చూసే పోలీసుకు అది ఆట రైఫిలో, మరొకటో తెలియదు. కిన్నెరసాని అభయారణ్యంలోకి అయితే పెట్టెలో పెట్టి కూడా తీసుకెళ్లకండి. రాతపూర్వక అనుమతి లేకుండా అభయారణ్యంలోకి ఆయుధంతో ప్రవేశించడం వన్యప్రాణి చట్టం ప్రకారం నిషేధం. జంతువును గాయపరచగల ఏ పరికరమైనా ఆ చట్టం దృష్టిలో ఆయుధమే. అరుణాచల్ ప్రదేశ్‌లో 2021 మార్చిలో ప్రభుత్వం ఎయిర్‌గన్‌లు అప్పగించండని ఊరూరా అడిగితే జనం ఇచ్చినవి రెండు వేలు దాటాయి. అక్కడ ఆ తుపాకులు పిట్టల్ని ఖాళీ చేస్తున్నాయని గ్రహించి జనమే ముందుకొచ్చారు. మన వైపు ఆ పరిస్థితి రాకముందే ఈ ఆటను పద్ధతిగా నిలబెట్టుకోవాలి.

గురుకులాల ప్రిన్సిపాళ్లు, భద్రాచలం ఐటీడీఏ అధికారులు ఈ ప్రసంగం వింటుంటే వాళ్లకు ఒక విన్నపం. ఒక్కో కుటుంబం ఒక్కో రైఫిల్ కొనాల్సిన అవసరం లేదు. బడిలో పదిహేను మీటర్ల పొడవున్న ఒక గది, నేల నుంచి 1.4 మీటర్ల ఎత్తులో టార్గెట్ పెట్టే చెక్క, రెండు ఎయిర్ రైఫిళ్లు, నెలకు సరిపడా పెల్లెట్లు, తాళం వేసే ఒక బీరువా, శిక్షణ పొందిన ఒక పీఈటీ ఉంటే చాలు. ఇరవై మంది పిల్లలు ఏడాది పొడవునా వంతులవారీగా నేర్చుకోవచ్చు. వాళ్లలో ఎవరికి నిజంగా చేయి కుదిరిందో ఏడాది తిరిగేసరికి మీకే తెలుస్తుంది. కొనాల్సిన మొదటి రైఫిల్ ఏదో అప్పుడు ఆ పిల్లవాడి ఒంటికి కొలిచి, కంటివాటం చూసి, తల్లిదండ్రులతో కూర్చుని నిర్ణయించవచ్చు.